తెలుగు దృశ్యమాధ్యమాలలో కళాదర్శకత్వ వృత్తి: కొల్లేటి సీమ నుంచి బుల్లితెర వరకు ఒక చారిత్రక పరిశీలన

వ్యాస సంగ్రహం

నాటకం, చలనచిత్రం, టెలివిజన్ అనే మూడు మాధ్యమాలలోనూ ప్రేక్షకుడు నటుని కంటే ముందు చూసేది నటుడు నిలిచిన చోటును. ఆ చోటును కల్పించినవారి చరిత్ర మాత్రం తెలుగులో నటుల, కవుల, గాయకుల చరిత్రలంత విస్తృతంగా రూపొందలేదు. నాటక సమాజాల సామాను సిద్ధం చేసిన పనివారి సంప్రదాయం, కళాశాలలలో శిక్షణ పొందిన చిత్రకారుల సంప్రదాయం అనే రెండు పాయలు కలిసి తెలుగు కళాదర్శకత్వ వృత్తి ఏర్పడిందనీ, వీటిలో రెండవ పాయకు మాత్రమే పేరు దక్కిందనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. భీమవరంలో జన్మించిన అడివి బాపిరాజు, విజయా సంస్థకు పనిచేసిన మాధవపెద్ది గోఖలే, కళాధర్‌ల కృషిని ఆధారంగా చేసుకొని, తెర మీద కనిపించే వస్తువును చరిత్రకు ప్రాథమిక సాక్ష్యంగా చదివే పద్ధతిని సూచిస్తుంది.

కీలక పదాలు: ఆహార్యం, కళాదర్శకత్వం, రంగసామగ్రి, అడివి బాపిరాజు, మాధవపెద్ది గోఖలే, మాయాబజార్, దూరదర్శన్.

1. ప్రవేశిక

ఏలూరు, ఉంగుటూరు, తాడేపల్లిగూడెం, భీమవరం ప్రాంతాలు కొల్లేటికి, గోదావరి కాలువలకు నడుమ విస్తరించిన సీమ. ఈ సీమకు తెలుగు దృశ్యకళలతో దగ్గరి సంబంధం ఉంది. అడివి బాపిరాజు 1895 అక్టోబరు 8న భీమవరంలో జన్మించాడు. 'మాయాబజార్'లో ఘటోత్కచునిగా నటించిన ఎస్.వి. రంగారావు జన్మస్థలం నూజివీడు నేడు ఏలూరు జిల్లాలో ఉంది. అదే చిత్రానికి మాటలు, పాటలు రాసిన పింగళి నాగేంద్రరావు మచిలీపట్నంలో నాటక రచయితగా ఎదిగాడు. రచనలోను, నటనలోను, చిత్రకళలోను ఈ ప్రాంతపు వాటా అనేక గ్రంథాలలో నమోదైంది. ఆ నటులు కూర్చున్న సింహాసనాలను చెక్కినవారి, వారి వెనుక తెరలను రాసినవారి విషయంలో అంతటి నమోదు కనిపించదు.

ఈ లోటుకు కారణం పరిశోధకుల అశ్రద్ధ ఒక్కటే కాదు. వృత్తి స్వభావంలోనే ఒక చిక్కు ఉంది. కవి రాసినది అచ్చులో మిగులుతుంది, గాయకుడు పాడినది రికార్డులో మిగులుతుంది. సెట్టింగు చిత్రీకరణ ముగిసిన మరునాడే ఊడిపోతుంది. కర్ర మరో సెట్టుకు వెళుతుంది, గుడ్డ మరో రంగు పూసుకుంటుంది. తన పని చెరిగిపోవడాన్ని పనిలో భాగంగానే అంగీకరించిన వృత్తి ఇది. అటువంటి వృత్తికి చరిత్ర రాయడం ఎలా అన్నదే ఇక్కడి ప్రశ్న.

2. ఆహార్యం: శాస్త్రం, సామగ్రి

భరతుడు అభినయాన్ని ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం అని నాలుగు విధాలుగా విభజించాడు. ఆహార్యమనగానే వేషధారణ మాత్రమే స్ఫురించడం తెలుగు సాహిత్య బోధనలో అలవాటైంది. నాట్యశాస్త్రంలో దాని పరిధి ఇంకా విశాలమైనది. పుస్తం, అలంకారం, అంగరచన, సజీవం అనే నాలుగు నేపథ్య విధులు అందులో ఉన్నాయి. వీటిలో పుస్తమనేది కొండలు, రథాలు, విమానాలు, ఆయుధాల వంటి వాటిని రంగం కోసం తయారు చేసే విద్య. అంటే నేటి రంగసామగ్రి విభాగమే. చాప, తోలు, గుడ్డలను కూర్చి చేసేది సంధిమం. యంత్రోపాయంతో పనిచేసేది వ్యాజిమం. గుడ్డ వంటివి చుట్టి చేసేది వేష్టిమం.

ఆయుధాలను ఇనుముతో చేయరాదని, బరువు నటుని అలసటకు గురిచేస్తుందని భరతుడు హెచ్చరించాడు. తేలిక కర్ర, తోలు, గుడ్డ, లక్క, వెదురు బద్దలతో వాటిని చేయాలన్నాడు. చూపుకు బరువుగాను, చేతికి తేలికగాను ఉండాలన్న ఈ నియమమే రంగసామగ్రి విద్యకంతటికీ మూలసూత్రం. అట్టముక్కల గద నుంచి ఫైబర్ విగ్రహం వరకు పదార్థాలు మారాయి, సూత్రం మారలేదు.

శాస్త్రం పేర్కొన్న ఈ పదార్థాలన్నీ ఆంధ్రదేశపు చేతివృత్తులలో సజీవంగా ఉన్నవే. కొల్లేటి పరిసరాల తుంగచాప, ఏలూరు తివాచీ, కొండపల్లి బొమ్మకు వాడే తెల్ల పొణికి కర్ర, తోలుబొమ్మలాట వారి తోలు, ఏటికొప్పాక లక్క ఇందుకు ఉదాహరణలు. పొణికి కర్ర ప్రత్యేకత దాని తేలికతనమే. తెలుగు రంగసామగ్రి విద్య గ్రంథాల నుంచి పుట్టినది కాదు. ఈ చేతివృత్తుల ఇరుగుపొరుగున పెరిగినదని భావించడానికి ఈ సామ్యం చాలు.

3. నాటక సమాజాల సామాను

1880 ప్రాంతంలో ధార్వాడ నాటక సమాజం కోస్తా పట్టణాలలో ఇచ్చిన ప్రదర్శనలు ఆధునిక తెలుగు నాటక రంగానికి ప్రేరణ అయ్యాయన్నది సుప్రసిద్ధం. సాహిత్య చరిత్రకారులు దీనిని నాటక రచనకు కలిగిన ప్రేరణగానే ప్రధానంగా చెప్పారు. కళాదర్శకత్వ దృష్టితో చూస్తే వేరొక అంశం ముందుకు వస్తుంది. యక్షగానానికీ వీధినాటకానికీ ఒక తెర, రెండు కాగడాలు చాలేవి. కొత్త నాటకానికి చిత్రించిన తెరలు, పక్క వింగులు, సింహాసనం, వాటిని ఊరూరా తరలించే బండ్లు కావలసివచ్చాయి. నాటకం ఒక సామానుగా మారింది. సామానుకు పెట్టుబడి, కాపలా, మరమ్మతు అవసరమయ్యాయి. వాటిని చూసుకునే మనిషి కూడా అవసరమయ్యాడు. రంగసామగ్రి వృత్తికి తెలుగునాట ఆది ఇక్కడే.

1885లో వనారస గోవిందరావు కడప జిల్లా సురభి గ్రామంలో 'కీచకవధ' ప్రదర్శనతో ఆరంభించిన సురభి సంప్రదాయం ఈ వృత్తిని కుటుంబ విద్యగా నిలబెట్టింది. తోలుబొమ్మలాట నేపథ్యం నుంచి వచ్చిన ఈ కుటుంబాలకు తెర వెనుక వెలుగును నడపడం, కనిపించని దారంతో వస్తువును కదిలించడం కొత్త విషయాలు కావు. నటుడే తెర రాయడం, నటి కుటుంబసభ్యుడే యంత్రం లాగడం వారి పద్ధతి. అక్కడ నటనకు, సామగ్రికి మధ్య హోదా భేదం ఏర్పడలేదు.

ఆ తరువాత పద్యనాటకాల కాలంలో పట్టణాలలో తెరలు, దుస్తులు, కిరీటాలు, దీపాలు అద్దెకిచ్చే వ్యాపారం స్థిరపడింది. ఒకే కిరీటం ఒకనాడు హరిశ్చంద్రునికి, మరునాడు దుర్యోధనునికి శిరోభూషణమయ్యేది. అద్దె సామాను వల్ల పౌరాణిక పాత్రల రూపం ప్రాంతమంతటా ఒకే మూసలోకి వచ్చింది. పురాణ పురుషుని ఆకృతి ప్రేక్షకుని మనసులో స్థిరపడడంలో కావ్యవర్ణనకు ఎంత పాత్ర ఉందో, అద్దెకొట్టు పెట్టెకూ అంత పాత్ర ఉంది. ఆ పెట్టెను నింపిన పనివారి పేర్లు నాటక కరపత్రాలకు ఎక్కినవి కావు.

4. చిత్రకారుని ప్రవేశం: అడివి బాపిరాజు

తెలుగు టాకీ తొలినాళ్లలో స్టూడియోలు బొంబాయి, కలకత్తా, కొల్హాపూరు నగరాలలో ఉండేవి. తొలి చిత్రం 'భక్త ప్రహ్లాద' బొంబాయిలో తయారై 1932లో విడుదలైంది. ఇతర భాషల చిత్రాలకు వాడిన తెరలు, స్తంభాలు తెలుగు పురాణకథలకు నేపథ్యంగా నిలవడం అప్పటి పరిస్థితిలో సహజం. ఇటువంటి దశలో తెలుగు చిత్రకారుడు ఒకడు స్టూడియోలో అడుగుపెట్టడం చిన్న విషయం కాదు.

బాపిరాజు రాజమహేంద్రవరం కళాశాలలో ఆస్వాల్డ్ కూల్డ్రే వద్ద చిత్రకళాభిరుచిని పెంపొందించుకున్నాడు. దామెర్ల రామారావు అదే గురువు ప్రోత్సాహంతో ఎదిగినవాడు. మచిలీపట్నం ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోదకుమార ఛటోపాధ్యాయ వద్ద బాపిరాజు శిక్షణ పొందాడు. తరువాత అదే కళాశాలకు ప్రధానాచార్యుడయ్యాడు. 'నారాయణరావు' నవలకు ఆంధ్ర విశ్వకళాపరిషత్తు బహుమతి లభించిన దశాబ్దంలోనే చలనచిత్రాలకు కళాదర్శకత్వం వహించాడు. సి. పుల్లయ్య దర్శకత్వంలో 1936లో వచ్చిన 'సతీ అనసూయ', 'ధ్రువవిజయం', తరువాతి 'మీరాబాయి' అటువంటివి.

'సతీ అనసూయ', 'ధ్రువవిజయం' బాలనటులతో తీసిన చిత్రాలు. కళాదర్శకునికి ఇది ప్రత్యేకమైన సమస్య. పెద్దల కొలతలతో చేసిన సింహాసనంపై పిల్లవానిని కూర్చోబెడితే రాజు కనిపించడు, కుర్చీలో మునిగిన బాలుడు కనిపిస్తాడు. ద్వారం ఎత్తు, కమండలం పరిమాణం, కిరీటం బరువు అన్నీ బాలదేహానికి తగినట్లు మారవలసినవే. అద్దె సామాను ఇక్కడ పనికిరాదు. కొలతను నిర్ణయించే చూపు కావాలి. శిక్షణ పొందిన చిత్రకారుని అవసరం స్టూడియోకు ఎందుకు కలిగిందో ఈ ఉదాహరణ చెబుతుంది.

బాపిరాజు చలనచిత్ర కృషిని ఆయన సాహిత్య జీవితంలో అల్ప విరామంగా పేర్కొనడం విమర్శకులకు పరిపాటి. ఈ అంచనాను పునఃపరిశీలించవలసి ఉంది. శాతవాహన కాలం నాటి 'హిమబిందు'లోను, కాకతీయ యుగం నాటి 'గోన గన్నారెడ్డి'లోను ఆయన వర్ణన వస్తువుల గుండా నడుస్తుంది. నగ, నగిషీ, తోరణం, వస్త్రపు అంచు అక్కడ కాలాన్ని నిరూపించే సాక్ష్యాలు. గతకాలపు గదిలో ఏ వస్తువు ఉండాలి, ఏది ఉండరాదు అన్న ప్రశ్న చారిత్రక నవలాకారునికి, కళాదర్శకునికి ఒక్కటే. ఆ దృష్టితో చూస్తే బాపిరాజు స్టూడియో పని, నవలా రచన ఒకే శాస్త్రీయ కుతూహలానికి రెండు రూపాలు.

5. స్టూడియో వ్యవస్థ: గోఖలే, కళాధర్

నిర్మాణ కేంద్రం మద్రాసుకు మారిన తరువాత కళాదర్శకత్వం స్థిరమైన విభాగమైంది. వాహినీ చిత్రాలకు పనిచేసిన ఎ.కె. శేఖర్ 1948లో వచ్చిన జెమినీ వారి 'చంద్రలేఖ' సెట్టింగులతో దక్షిణాది కళాదర్శకత్వపు స్థాయిని దేశానికి చూపాడు. విజయా సంస్థలో ఈ బాధ్యతను మాధవపెద్ది గోఖలే, కళాధర్ నిర్వహించారు.

గోఖలే 1917లో గుంటూరు జిల్లా బ్రాహ్మణకోడూరులో జన్మించి 1981లో మరణించాడు. మద్రాసు కళాశాలలో దేవీప్రసాద్ రాయ్ చౌధురి వద్ద చదివాడు. పత్రికలకు బొమ్మలు వేశాడు, పల్లెజీవితాన్ని చిత్రించిన కథలు రాశాడు. బాపిరాజు వలెనే ఈయనా కుంచె, కలం రెండూ పట్టినవాడు కావడం గమనార్హం. తొలి తరం తెలుగు కళాదర్శకులలో రచయితలుండడం యాదృచ్ఛికం కాదు. స్క్రిప్టును వస్తువులుగా అనువదించగల శక్తి ఆ వృత్తికి మొదటి అర్హత.

'పాతాళభైరవి' (1951) గుహ, 'మిస్సమ్మ' (1955) మధ్యతరగతి ఇల్లు, 'గుండమ్మ కథ' (1962) పెరటి సంసారం ఒకే సంస్థ నుంచి వచ్చినవి. మాంత్రికుని గుహకు ఊహ చాలు, పోల్చి చూసేందుకు ప్రేక్షకుని వద్ద అసలు ఉండదు. పప్పు రుబ్బే ఇంటిని మాత్రం ప్రతి ప్రేక్షకుడూ ఎరుగును. రుబ్బురోలు ఉండవలసిన చోట లేకపోతే కథపై నమ్మకం పోతుంది. సాంఘిక చిత్రంలో కళాదర్శకుని పని కనిపించకపోవడమే దాని విజయం. గుర్తింపు విషయంలో అదే దాని నష్టం.

6. 'మాయాబజార్'లో వస్తువే కథ

1957 మార్చి 27న విడుదలైన 'మాయాబజార్'ను కె.వి. రెడ్డి దర్శకత్వానికి, మార్కస్ బార్ట్లే ఛాయాగ్రహణానికి, పింగళి మాటలకు నిదర్శనంగా చూపడం అలవాటు. సురభి వేదికపై యంత్రోపాయాలతో ఆడిన కథ ఇదే. పి.వి. దాసు 1936లో తీసిన కథ కూడా ఇదే. 1957 నాటి చిత్రం ప్రత్యేకత ఏమంటే, కథలోని ప్రతి మలుపూ ఒక వస్తువు మీద ఆధారపడి ఉంటుంది.

ప్రియదర్శిని పేటికను తెరచినవారికి వారి మనసులోనిది కనిపిస్తుంది. శశిరేఖకు అభిమన్యుడు, కృష్ణునికి శకుని కనిపిస్తారు. సత్యపీఠంపై నిలిచినవాడు నిజం చెప్పక తప్పదు. శకుని కపటం అతని నోటి నుంచే వెలువడడానికి ఆ పీఠమే కారణం. గిల్పం, గింబళి అనే మాయా తల్పం, కంబళి మగపెళ్లివారి పురోహితులను ముప్పుతిప్పలు పెడతాయి. పెళ్లివంటకాల దృశ్యంలో లడ్లు పళ్లెంలోంచి లేచి ఘటోత్కచుని నోటిలోకి నడుస్తాయి. భరతుని పరిభాషలో ఇవన్నీ వ్యాజిమ పుస్తాలు. పింగళి వాటికి పేర్లు పెట్టాడు, గోఖలే, కళాధర్‌లు వాటికి ఆకారం ఇచ్చారు. పేరు విన్న ప్రేక్షకుడు నవ్వుతాడు, ఆకారం చూసి నమ్ముతాడు. ఈ రెండింటిలో ఏది లోపించినా దృశ్యం నిలవదు.

ద్వారకానగరాన్ని చూపేందుకు సుమారు 300 నమూనా ఇళ్లను నిర్మించారు. నమూనా నిర్మాణంలో కష్టం చిన్నగా చేయడం కాదు, చిన్నదని తెలియనీయకపోవడం. కిటికీ వెలుగు, గోడ గరుకుతనం, ఇళ్ల మధ్య దూరం అన్నీ ఒకే నిష్పత్తిలో తగ్గాలి. ఇది ఇద్దరు వ్యక్తుల చేతిపని కాజాలదు. వడ్రంగులు, అచ్చుపోతవారు, రంగులవారు, విద్యుత్తు పనివారు అందరూ కలిసి చేయవలసిన పని. కళాదర్శకత్వం అనే ఒక్క శీర్షిక కింద రెండు పేర్లు నిలిచాయి. ఆ పేర్లు న్యాయమైనవే, కాని సంపూర్ణమైనవి కావు. నాటక సమాజాల సామాను పనివారి పాయ చిత్రకారుని పాయలో కలిసి కనుమరుగైన చోటు ఇదే.

7. బుల్లితెర

దూరాన ఉన్న మనిషిని పేటికలో చూపిన ప్రియదర్శిని తెలుగు తెరపైకి వచ్చిన రెండేళ్లకు, 1959 సెప్టెంబరు 15న, ఢిల్లీలో టెలివిజన్ ప్రసారాలు మొదలయ్యాయి. 1975-76లో ఉపగ్రహ బోధనా ప్రయోగం ఆంధ్రప్రదేశ్ గ్రామాలకు తెలుగు కార్యక్రమాలను అందించింది. 1977 అక్టోబరు 23న హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం ఆరంభమైంది.

టెలివిజన్ ఈ వృత్తికి రెండు కొత్త షరతులు విధించింది. మొదటిది కాలం. చలనచిత్ర సెట్టు వారాల తరబడి నిలిస్తే, ఒకే స్టూడియో అంతస్తులో ఉదయం వ్యవసాయదారుల చర్చ, మధ్యాహ్నం నాటిక, సాయంత్రం సంగీత కచేరీ జరగాలి. కాబట్టి విడదీసి మళ్లీ కూర్చగల చట్రాలు, తిప్పితే మరో గోడగా మారే పలకలు ప్రధానమయ్యాయి. పద్యనాటకపు వింగుల పద్ధతి మరో రూపంలో తిరిగి వచ్చిందనవచ్చు. రెండవది తెర పరిమాణం. ఇంటి పెట్టెలో విశాల దృశ్యం నలుసుగా మారుతుంది, ముఖాలే నిండుగా కనిపిస్తాయి. అందుచేత ముఖం వెనుక ఉన్న అడుగు మేర గోడ, బల్లపై ఉన్న కూజా, పక్కన వేలాడే క్యాలెండరు పాత్ర ఆర్థిక స్థితిని చెప్పవలసివచ్చింది. 1982 తరువాత రంగుల ప్రసారం ఈ బాధ్యతను మరింత పెంచింది.

దూరదర్శన్ వ్యవస్థలో మరొక విశేషం ఉంది. సెట్టు రూపకర్త, వడ్రంగి, రంగులవాడు అక్కడ జీతం గల ఉద్యోగులు. అద్దెకొట్టు మీద, నిర్మాత దయ మీద ఆధారపడిన వృత్తికి ప్రభుత్వ కొలువులో నిర్దిష్ట స్థానం లభించింది. 1995 ఆగస్టు 27న ఈటీవీ ప్రసారాలు మొదలైన తరువాత ప్రైవేటు ఛానళ్ల యుగం వచ్చింది. 1996లో నితీశ్ రాయ్ రూపకల్పనతో రామోజీ ఫిల్మ్ సిటీ ఏర్పడింది. ఊడదీయనవసరం లేని సెట్టు అన్న భావన అక్కడ భారీ స్థాయిలో అమలయింది. దినసరి ధారావాహికలలో సామగ్రి పనివాని ముఖ్య కర్తవ్యం జ్ఞాపకం. నిన్నటి భాగంలో ఎడమవైపు ఉన్న పూలకుండీ నేడు కుడివైపు ఉంటే ప్రేక్షకులు పట్టుకుంటారు. ఏళ్ల తరబడి ఒక ఇంటిని మార్పు లేకుండా నిలపడం, అవసరమైనచోట కాలగమనం తెలిసేలా మార్చడం అతని బాధ్యత.

8. చెరిగే సాక్ష్యం

వృత్తికి గౌరవం దక్కలేదని పూర్తిగా చెప్పలేము. కళాదర్శకుడు తోట వెంకటేశ్వరరావు కుమారుడు తోట తరణి 'నాయకన్' (1987), 'ఇండియన్' (1996) చిత్రాలకు జాతీయ పురస్కారాలు పొందాడు. 2001లో పద్మశ్రీ స్వీకరించాడు. తండ్రి నుంచి కుమారునికి అందిన విద్యగా ఇది సురభి పద్ధతిని గుర్తుచేస్తుంది. కాని పురస్కారం వ్యక్తికి అందుతుంది. పనితనపు వివరం నమోదు కావడం వేరే విషయం.

ఆ నమోదు లేకపోతే కలిగే నష్టానికి 2010 జనవరిలో విడుదలైన రంగుల 'మాయాబజార్' మంచి నిదర్శనం. నలుపు తెలుపు చిత్రం కోసం సెట్టుకు రంగు వేసేటప్పుడు కంటికి ఎలా కనిపిస్తుందన్నది కాక, ఫిల్ముపై ఏ ఛాయగా పడుతుందన్నదే ప్రమాణం. కాబట్టి 1957 నాటి పీఠం, పేటిక అసలు రంగులు బూడిద ఛాయల నుంచి నిర్ధారణ కావు. రంగుల ప్రతిలో కనిపించేది 2010 నాటి నిర్ణయం, 1957 నాటి సాక్ష్యం కాదు. రెండు ప్రతులనూ వేర్వేరు కాలాల కళాదర్శకత్వ పత్రాలుగా చదవాలి. రంగుల ప్రతిని ఆధారం చేసుకొని గోఖలే వర్ణదృష్టిని గురించి తీర్మానించడం పద్ధతి దోషం అవుతుంది.

ఇటువంటి పరిశోధనకు మూడు ప్రశ్నలు ఉపయోగపడతాయి. తెరపై కనిపించే వస్తువు ఏ పదార్థంతో చేసినది? కథలో దాని వల్ల జరిగే పని ఏమిటి? దానిని చేయడానికి ఏయే వృత్తుల వారు అవసరం? మొదటిది చేతివృత్తుల చరిత్రకు, రెండవది నాటకీయతకు, మూడవది శ్రమ చరిత్రకు దారితీస్తుంది. నమూనా చిత్రాలు, స్టూడియో ఖాతా పుస్తకాలు, అద్దెకొట్ల రశీదులు, నిశ్చల ఛాయాచిత్రాలు దొరికినచోట ఈ సమాధానాలను సరిచూడవచ్చు. దొరకనిచోట తెరమీది వస్తువే ప్రాథమిక సాక్ష్యం.

9. ముగింపు

తెలుగు కళాదర్శకత్వం బాపిరాజు, గోఖలే వంటి చిత్రకారుల సృష్టి మాత్రమే కాదు, నాటక సామాను పెట్టెకు వారసత్వం కూడా. చిత్రకారుడు కొలతను, కాలజ్ఞానాన్ని తెచ్చాడు. పనివాడు పదార్థ జ్ఞానాన్ని, తేలికతనపు రహస్యాన్ని తెచ్చాడు. టెలివిజన్ ఆ ఇద్దరినీ ఒకే కార్యాలయంలో ఉద్యోగులుగా కూర్చోబెట్టింది.

దూరదర్శన్ తొలి దశాబ్దపు సెట్టు రూపకర్తలు, వడ్రంగులు, రంగులవారు విశ్రాంత జీవనంలో ఉన్న కాలం ఇది. కోస్తా పట్టణాలలో తెరలు రాసిన చివరి తరమూ వృద్ధాప్యంలోనే ఉంది. వారి మౌఖిక సాక్ష్యాలను సేకరించడం విశ్వవిద్యాలయ తెలుగు, రంగస్థల, చరిత్ర శాఖలు ఉమ్మడిగా చేపట్టదగిన పని. సెట్టును మళ్లీ నిలబెట్టడం సాధ్యం కాదు. దానిని నిలబెట్టిన చేతుల జ్ఞానాన్ని అక్షరబద్ధం చేయడానికి మాత్రం ఇంకా కొంత వ్యవధి ఉంది.